బిందె నిలబడితే చాలు



మా ఊరు శ్రీకాళహస్తి. ముప్పై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరయి, ఇప్పుడు స్వర్ణముఖి ఒడ్డునే కాలక్షేపం చేస్తున్నాను. ఈ పూట నేను మాట్లాడబోయేది క్యూ గురించి. అవును, మనం గుడిలో, బ్యాంకులో, సినిమా హాలు దగ్గర నిలబడే క్యూనే. దాని మీద పావుగంట మాట్లాడేదానికి ఏముంటుందని మా ఇంట్లో నవ్వినారు. నవ్వినవాళ్లంతా నిలబడగలిగినవాళ్లే.

ముందుగా నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ప్రార్థన గంట కొట్టగానే "లైన్లో నిలబడండ్రా, చెయ్యి చాపి దూరం చూసుకోండ్రా" అని ఉద్యోగమంతా అరిచినదాన్ని నేను. వరుస తప్పినవాడిని చెవి పట్టుకొని తీసుకుపోయి ఆఖర్న నిలబెట్టినదాన్ని. కదలకుండా నిలబడితే బుద్ధిమంతుడు, నిలబడలేకపోతే అల్లరివాడు. అదే నా లెక్క. ఆ లెక్క తప్పని నేర్పినవాడు మా చెల్లెలి కొడుకు. వాడికిప్పుడు పద్నాలుగేళ్లు. ఆటిజం ఉంది. చూస్తే నిక్షేపంలాంటి పిల్లోడు, నాకంటే రెండంగుళాలు పొడుగు. మాట తక్కువ, లెక్క ఎక్కువ. కిటికీ కమ్మీలు, ఫ్యాను రెక్కలు, గూడ్సు బండి పెట్టెలు, ఏది కనిపించినా లెక్కపెట్టుకుంటాడు.

నాలుగేళ్ల కిందట చెల్లెలూ నేనూ వాడిని తీసుకొని ఒక పెద్ద గుడికి పోయినాం. పేరు చెప్పను. మన జిల్లా కాదు. సెలవు రోజు, జనం బాగా ఉన్నారు. ఇనుప పైపుల మధ్యన క్యూ, పైన రేకులు. మావాడికి పైపులు నచ్చినాయి. ఒక్కొక్కదాన్నీ వేలితో తాకుతూ, లెక్కపెట్టుకుంటూ ముప్పావుగంట హాయిగా వచ్చినాడు. నూట పద్దెనిమిదో పైపు దగ్గర ఒక మలుపు. ఆ మలుపులో సరిగ్గా మనిషి తలెత్తున లౌడ్‌స్పీకరు కట్టినారు. వస్తువులు జాగ్రత్త, పిల్లలు జాగ్రత్త అని నిమిషానికి ఒకసారి మోగుతోంది. మనకైతే అది పక్కనుంచి పోయే మోత. వాడికి చెవిలో దిగే మేకు. రెండు చేతులా చెవులు మూసుకొని నేల మీద కూలబడినాడు. క్యూ కదిలింది, వాడు కదల్లేదు. వెనకనుంచి తోపు మొదలయింది. వాడు ఆ పైపుకే తల కొట్టుకోవడం మొదలుపెట్టినాడు.

"ఇంత పిల్లోడికి ఇంత మొండితనమేంది?" అన్నాడు ఒకాయన. "చిన్నప్పుడే నాలుగు తగిలించుంటే దారికొచ్చేవాడు" అన్నాడు ఇంకొకాయన. ఒక పెద్దావిడ మాత్రం నిజంగా జాలిపడి మా చెల్లెలి చెయ్యి పట్టుకొని, "రాహుకేతు దోషమేమో తల్లీ, ఒక్కసారి కాళహస్తికి తీసుకుపోయి పూజ చేయించండి, అంతా సర్దుకుంటుంది" అనింది. మేమొచ్చిందే కాళహస్తి నుంచి అని చెప్పే ఓపిక అప్పుడు మాకిద్దరికీ లేదు.

కాపలా అబ్బాయి వచ్చినాడు. "సర్టిఫికెట్ ఉండాదా మేడమ్?" అన్నాడు. ఉంది, ఇంట్లో బీరువాలో. మావాడిని ఎగాదిగా చూసి, "కాళ్లు బాగానే ఉండాయి గదా" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. వికలాంగుడంటే కాలు ఈడ్చేవాడనీ, చేతికర్ర ఉండేవాడనీ వాడికి నేర్పినారు. నేనూ పిల్లలకు అంతకంటే ఎక్కువేం నేర్పలేదు.

సరే, దర్శనం వద్దు, బయటపడదామనుకున్నాం. బయటికి దారి లేదు! ఆ క్యూకు మొదలుంది, చివర ఉంది, మధ్యలో ఎక్కడా వాకిలి లేదు. వచ్చిన దారినే వెనక్కి తిరిగి, "జరగండయ్యా, జరగండమ్మా" అని రెండు మూడు వందలమందిని రాసుకుంటూ, వాడి తలకు నా చీర చెంగు అడ్డం పెట్టుకొని బయటపడినాం. గుడి బయట వేపచెట్టు కింద కూర్చోగానే పది నిమిషాల్లో వాడు మామూలు మనిషయినాడు. ఎదురుగా టెంకాయల కొట్టు. టెంకాయలు లెక్కపెట్టుకుంటున్నాడు.

అప్పుడు మా చెల్లెలు అనింది: "అక్కా, వీడిని ముందు పంపమని ఎవరడిగినారు? మా వంతు వచ్చేదాకా ఈ చెట్టు కింద కూర్చోనిచ్చుంటే చాలు గదా."

ఆ మాట నా మనసులో నిలబడిపోయింది. మనం క్యూ అనే ఒక్క పేరుతో రెండు వేరువేరు సంగతులను కలిపి కట్టేసినాం. ఒకటి వంతు, రెండోది నిలబడడం. వంతు న్యాయానికి సంబంధించింది. ముందొచ్చినవాడు ముందు పోవాల, అందులో పేచీ లేదు. నిలబడడం ఒంటికి సంబంధించింది. ఈ రెండింటినీ విడదీయలేమా? మన ఊళ్లలో ఆడవాళ్లు ఎప్పుడో విడదీసినారు. వీధి కొళాయి దగ్గర బిందెలు గుర్తుకు తెచ్చుకోండి. నీళ్లు వదిలేది ఆరింటికి. నాలుగున్నరకే బిందెలు వరుసగా కూర్చొని ఉంటాయి. ఇత్తడి బిందె, స్టీలు బిందె, మూతి సొట్టపోయిన ప్లాస్టిక్ బిందె. మనుషులు మాత్రం ఇళ్లలో పని చేసుకుంటుంటారు. రేషన్ షాపు ముందర సంచులు, చెప్పులు, ఏదీ లేకపోతే ఒక రాయి. "ఆ రాయి నాదిబ్బా" అంటే అందరూ ఒప్పుకుంటారు. కడుపుతో ఉన్న ఆడమనిషయినా, మోకాళ్లరిగిన అవ్వయినా వంతు పోగొట్టుకునేది లేదు, నిలబడేదీ లేదు. బిందె నిలబడితే చాలు.

ఇంత సులువైన కిటుకును కోట్ల డాలర్ల వ్యాపారం చేసే డిస్నీవాళ్లు చాలా తిప్పలు పడి కనిపెట్టినారు. ఆ కథ చెప్తాను. అమెరికాలో పిల్లలున్న మనవాళ్లు చాలామంది ఫ్లోరిడాలో ఆర్లాండో దగ్గర ఉన్న వినోద పార్కు డిస్నీ వరల్డ్‌కు పోయి వస్తుంటారు గదా, వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ ఒక్కో రైడ్‌కు గంట, గంటన్నర క్యూ మామూలు. వికలాంగులకని పూర్వం ఒక కార్డు ఇచ్చేవాళ్లు. అది చూపిస్తే చాలాచోట్ల వేరే వాకిట్లో గబగబా లోపలికి పోనిచ్చేవాళ్లు. 2013 మే నెలలో న్యూయార్క్ పత్రిక ఒకటి ఒక వార్త రాసింది. అక్కడి డబ్బున్న కుటుంబాలు కొన్ని, వికలాంగులైన మనిషిని గంటకు 130 డాలర్ల లెక్కన కూలికి మాట్లాడుకొని, తమ కుటుంబంలో మనిషిలా చూపించుకొని, క్యూ తప్పించుకొని పోతున్నారని! మనుషులు ఎక్కడైనా మనుషులే. చక్రాల కుర్చీలో కూర్చొని దర్శనం చేసుకొని, బయటికొచ్చి ఉరుకులు పరుగులతో బస్సెక్కినవాళ్లను మనమూ చూసినాం, దేవుడి మహిమ అని నవ్వుకున్నాం.

ఇక్కడ ఒక్క మాట అడ్డం. అట్లా లేచి నడిచినవాళ్లంతా దొంగలని అనుకోవద్దు. పది అడుగులు వేయగలిగినవాళ్లు రెండు గంటలు నిలబడగలరని లేదు. నా మోకాళ్లే సాక్ష్యం.

ఆ వార్త తరవాత, 2013 అక్టోబరులో డిస్నీ పద్ధతి మార్చింది. కొత్త పద్ధతికి డిజబిలిటీ యాక్సెస్ సర్వీస్ అని పేరు. ఇప్పుడు ఒక రైడ్‌కు గంట క్యూ ఉందనుకోండి. ఈ సౌకర్యం ఉన్నవాళ్లకు దాదాపు గంట తరవాతి సమయం రాసి ఇస్తారు. ఆ గంటా నీడలో కూర్చోవచ్చు, ఏదన్నా తినొచ్చు, మందు వేసుకోవచ్చు. వేళకు వస్తే లోపలికి పంపుతారు. ఎదురుచూపు అందరికీ సమానమే, నిలబడేది మాత్రం లేదు. అంటే మన కొళాయి దగ్గర బిందె! కూలికి మనిషిని పెట్టుకొని లాభం లేకుండా పోయింది, ఎందుకంటే ముందుకు దూకేది ఇందులో లేదు.

అయినా కథ అక్కడితో అయిపోలేదు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు 2014లో కోర్టుకు పోయినారు. వాళ్ల వాదన ఏమంటే, గంట తరవాత రా అంటే మా పిల్లోడికి గంట అంటే తెలియదు. ముందు ఈ రైడ్, తరవాత ఆ రైడ్ అని వాడికొక వరుస ఉంటుంది, అది తప్పితే కుప్పకూలిపోతాడు. ఈ మాట నాకు బాగా అర్థమయింది. మావాడికి ఇడ్లీ తరవాత దోసె అయితే సరే, దోసె తరవాత ఇడ్లీ అయితే ఆ పూట ఇల్లు ఇల్లుగా ఉండదు. ఆ కేసు చాలా ఏళ్లు నడిచి, 2020లో ఫ్లోరిడా కోర్టు డిస్నీ వైపే తీర్పు చెప్పింది. 2024లో డిస్నీ మళ్లీ నిబంధనలు బిగించింది. ఆటిజంలాగా పుట్టుక నుంచీ, చిన్నతనం నుంచీ ఎదుగుదలలో తేడా ఉన్నవాళ్లకే ప్రధానంగా ఈ సౌకర్యం అనింది. వీడియో కాల్‌లో మాట్లాడి తేలుస్తారు. అప్పుడు పేగుల జబ్బు ఉన్నవాళ్లు, ఎండకు సొమ్మసిల్లేవాళ్లు, నరాల నొప్పి ఉన్నవాళ్లు, మా సంగతేమిటని గొడవపడినారు. అదే పార్కులో అదనంగా డబ్బు కడితే వేగంగా పోయే దారి కూడా అమ్ముతారు. ఆ దారిలో పోయేవాళ్లను మాత్రం నీకేం జబ్బు అని ఎవరూ అడగరు.

డబ్బు దారి మనకు మాత్రం కొత్తదా? హైదరాబాదు అవతల రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వినోద పార్కు వండర్‌లాలోనూ ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఉంది. తిరుమలలో మూడు వందల రూపాయల టికెట్ ఉంది. మా కాళహస్తిలో రాహుకేతు పూజకు ఐదు వందల నుంచి ఐదు వేల దాకా టికెట్లున్నాయి. వీటిని నేను తప్పుపట్టడం లేదు, గుడి నడవాల గదా. ఒక్క తేడా మాత్రం చూపిస్తున్నాను. జేబులోనుంచి నోటు తీసినవాడిని ఎవరూ రుజువు అడగరు. ఒంట్లో ఓపిక లేనివాడు మాత్రం కాగితం చూపించాల. ఆ కాగితం మన రాష్ట్రంలో సదరం సర్టిఫికెట్. దానికి స్లాటు తీసుకోవాల, ఆసుపత్రికి పోవాల, అక్కడ మళ్లీ క్యూ. నిలబడలేడని రాయించుకునేదానికి మా చెల్లెలు వాడిని పెట్టుకొని ఒక పూటంతా నిలబడింది.

ఇక తిరుమల సంగతి. కొండమీది క్యూను మనం తిట్టుకున్నంతగా లోకంలో ఏ క్యూనూ తిట్టుకోము. న్యాయంగా చూస్తే, బిందె కిటుకును పెద్ద ఎత్తున వాడింది కూడా అక్కడే. డిస్నీవాళ్లు 1999లో ఫాస్ట్‌పాస్ అని తెచ్చినారు, టికెట్ మీద వేళ వేసి ఇచ్చి, అప్పుడు రమ్మనడం. ఆ కాలానికి కాస్త అటూ ఇటూగానే తిరుమలలో సుదర్శనం వచ్చింది. మీలో పెద్దవాళ్లకు గుర్తుంటుంది, చేతికి పట్టీ కట్టి, దర్శనం వేళ చెప్పి పంపేవాళ్లు. ఆ పట్టీ చూసుకుంటూ పిల్లలు కొండంతా తిరిగేవాళ్లు. ఇప్పుడు తిరుపతిలో శ్రీనివాసం దగ్గర, విష్ణునివాసం దగ్గర, భూదేవి కాంప్లెక్స్‌లో సర్వదర్శనానికి ఇచ్చే టైంస్లాటు టోకెన్ దానికి చెల్లెలు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంటు అంటే ఏమిటి? కూర్చొని ఎదురుచూసే గది. పాలు, అన్నప్రసాదం లోపలికే వస్తాయి. మరుగుదొడ్డి అక్కడే ఉంటుంది. ఎంతసేపు పడుతుందనేది వేరే గొడవ. ఎట్లా ఎదురుచూడాలి అన్నదాని మీద మాత్రం అక్కడ బుర్ర పెట్టినారు.

వృద్ధులకూ వికలాంగులకూ తిరుమలలో వేరే దర్శనం ఉంది. అరవై ఐదేళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు రోజుకు వెయ్యి టికెట్లు. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. గుండె ఆపరేషన్ అయినవాళ్లను, మూత్రపిండాలు చెడినవాళ్లను, క్యాన్సరు, పక్షవాతం, ఉబ్బసం ఉన్నవాళ్లను కూడా ఆ దారిలో తీసుకుంటామని దేవస్థానం నిబంధనల్లో రాసుకుంది. చూసే కళ్లకు వీళ్లలో చాలామందికి ఏ జబ్బూ కనపడదు. కాళ్లు బాగానే ఉండాయి గదా అనే మాటకు అది జవాబు.

కొండ కింద జరిగిన ఒక ఘోరాన్ని కూడా చెప్పకుండా ఈ మాట ముగించలేను. 2025 జనవరి 8 రాత్రి, వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో వేలమంది చేరినారు. బైరాగిపట్టెడ దగ్గర తొక్కిసలాట జరిగింది. ఆ ఊళ్లో ఆ రాత్రి ఆరుగురు చనిపోయినారు. ఎట్లా మొదలయిందో ఆ తరవాతి రోజుల్లో బయటికొచ్చింది. లోపల ఒకామెకు ఒంట్లో బాగాలేకపోతే బయటికి తెచ్చేదానికి గేటు తెరిచినారట. టోకెన్లకే తెరిచినారని జనం ఒక్కసారిగా తోసుకొచ్చినారు. నేను ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ వేపచెట్టు గుడి గుర్తుకొచ్చింది. లోపలికి పోయే వాకిలీ, సుస్తీ చేసినవాళ్లు బయటికొచ్చే వాకిలీ ఒకటే అయినప్పుడు ఏమవుతుందో అది. క్యూ కట్టే ఇంజనీరుగారు ప్రతి యాభై అడుగులకూ పక్కకు తెరుచుకునే చిన్న తలుపు ఒకటి పెట్టి, దాని మీద ఇది బయటికి మాత్రమే అని పెద్ద అక్షరాలతో రాయిస్తే, అది వికలాంగుల కోసం మాత్రమే చేసినట్టు కాదు.

చట్టం ఏమంటుందో నాలుగు మాటల్లో చెప్తాను, విసుక్కోవద్దు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో కొత్త చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో ఇరవై ఒక్కటి. ఆటిజం ఆ జాబితాలో ఉంది. నాకు ఆశ్చర్యం కలిగించింది మాత్రం ఇంకొకటి. ప్రజలు వాడే భవనం అంటే ఏమిటో ఆ చట్టం చెప్పేచోట, మతపరమైన పనులు, సాంస్కృతిక కార్యక్రమాలు, వినోదం, మూడూ ఒకే వాక్యంలో వస్తాయి. ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా అంతే. అంటే చట్టం కంటికి గుడి, వండర్‌లా ఒకే వరుసలో ఉన్నాయి. ఉన్న భవనాలను ఐదేళ్లలో అందరికీ అందేలా మార్చాలని గడువు పెట్టినారు. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో. గడువు 2022 జూన్‌తో తీరిపోయింది. చూపు లేని రాజీవ్ రతూరి అనే ఆయన 2005లో వేసిన కేసులో, 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ నిబంధనలు సలహాల మాదిరి ఉంటే కుదరదు, తప్పనిసరి చేయండి అనింది. ఆ కేసులో కోర్టుకు దేశంలోని పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం. వికలాంగులు అనే మాట పోయి దివ్యాంగులు వచ్చింది. పేరు మారితే మారనీ. గడప ఎత్తు తగ్గితే నాకు అంతకంటే సంతోషం.

గడపలంటే మా గుడే గుర్తుకొస్తుంది. శ్రీకాళహస్తీశ్వరుడి గుడి రాతి గుడి. గడప దాటితే గడప, మండపం దాటితే మండపం. పాతాళ వినాయకుడి దగ్గరికి పోవాలంటే నేలలోకి ఇరుకు మెట్లు దిగాల, ఒకరు ఎక్కేదాకా ఇంకొకరు ఆగాల. ఆ మెట్లు వందల ఏళ్ల నాటివి, వాటిని పగలగొట్టమని నేను అననే అనను. కన్నప్ప కొండ కూడా అంతే. రాయిని మార్చలేని చోట ఉండొచ్చు. రైడ్ ఎక్కేదానికి గుండె జబ్బున్నవాడిని వద్దన్నట్టు, దిగలేనివాళ్లు దిగలేకపోవచ్చు. ఎదురుచూసే పద్ధతిని మార్చేదానికి మాత్రం ఒక్క రాయినీ కదిలించే పని లేదు.

మా ఊరి క్యూకు ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది, అది డిస్నీకి లేదు. మా దగ్గర అందరికీ ఒకే గంటన్నర కావాల. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర. తమిళనాడు, కర్ణాటక, ఎక్కడెక్కడివాళ్లో ఆ వేళకే వచ్చి పడతారు. గ్రహణం రోజు చాలా గుళ్లు మూస్తారు, మా గుడి తెరిచి ఉంటుంది, ఆ రోజు సంగతి చెప్పేదే వద్దు. ఇక పూజ ఎట్లా జరుగుతుందో చూడండి. విడతలు విడతలుగా పంపుతారు. వరుసగా కింద కూర్చోబెడతారు. ముందర వెండి నాగపడగలు, పసుపు కుంకుమ, పూలు. పంతులుగారు మైకులో చెప్తుంటే అందరూ ఒకేసారి చేస్తారు. ఆ విడత లేస్తే ఇంకో విడత. అంటే గుడిలో బిందెల వరుస ఆల్రెడీ ఉంది! ఫలానా విడతలో మీరు అని నంబరు రాసిన చీటీ ఒకటి చేతికిచ్చి, ఆ నంబరు కనపడే బోర్డు ఒకటి పెట్టి, నీడలో నాలుగు బెంచీలు వేస్తే సరిపోతుంది. మైకులో పిలవడం ఒక్కటే అయితే చెవిటివాళ్లకు వినపడదు, బోర్డు ఒక్కటే అయితే చూపు లేనివాళ్లకు కనపడదు. రెండూ ఉండాల. కింద కూర్చోలేనివాళ్లకు ఆఖరి వరుసలో స్టూళ్లు. స్టూలు మీద కూర్చొని చేసినంత మాత్రాన రాహువు వద్దంటాడా?

దొంగలు రారా అంటారు. వస్తారు. ఐతే చీటీలో ముందుకు దూకే వరమేమీ లేదు గదా, వచ్చి ఏం బావుకుంటారు? కూర్చుంటారు. కూర్చోనీండి. సర్టిఫికెట్ అడగాల్సిన అవసరమే చాలావరకు తప్పిపోతుంది.

మా ఊళ్లో ఈ మాటలు చెప్పేదానికి నాకు ధైర్యమిచ్చేది చట్టం కంటే స్థలపురాణమే. సాలీడు, పాము, ఏనుగు, ముగ్గురి పేరే మా ఊరి పేరు. ఎనిమిది కాళ్లదానికి తెలిసింది గూడు అల్లడం, అల్లింది. చేతుల్లేని పాము నోట మణి పట్టుకొచ్చింది. ఏనుగు తొండంతో నీళ్లు పోసింది. ఒకరి పూజ ఒకరికి చెత్తగా కనిపించి కొట్లాడుకున్నారు కూడా, అచ్చం మన క్యూలో మాదిరి. స్వామి మాత్రం ఎవరి ఒంటికి వచ్చిన పూజ వాళ్ల దగ్గర పుచ్చుకున్నాడు.

ఇక కన్నప్ప. బడిలో ఈ కథ ఎన్నిసార్లు చెప్పినానో లెక్కలేదు. ప్రతిసారీ భక్తి అనే చెప్పినాను. లింగం కంట్లో నెత్తురు కారితే తన కన్ను పెకలించి పెట్టినాడు. రెండో కంట్లోనూ కారింది. తన రెండో కన్ను తీస్తే చూపు ఉండదు, అప్పుడు ఎక్కడ పెట్టాలో ఎట్లా తెలుస్తుంది? అందుకని ముందే ఆ చోట కాలు ఆనించి గుర్తు పెట్టుకున్నాడు. ఈ వయసులో నా కళ్లు ఆ కాలి దగ్గరే ఆగుతున్నాయి. శివలింగం మీద కాలు! ఆచారం లెక్కన అంతకంటే అపచారం ఇంకొకటి లేదు. చూపు పోబోయే మనిషికి ఆ పని జరగాలంటే అంతకంటే వేరే దారీ లేదు. కాలు తీయమని స్వామి అనలేదు. కన్ను తీయొద్దని మాత్రం అన్నాడు.

పోయిన కార్తీకం దాటినాక, రద్దీ లేని ఒక బుధవారం పొద్దున మావాడిని గుడికి తీసుకుపోయినాను. రాహుకాలం కాదు, గ్రహణం కాదు. పూజ మిగతా వేళల్లోనూ జరుగుతుందని చాలామందికి తెలియదు. చెల్లెలు వరుసలో నిలబడింది, నేనూ వాడూ పక్కన రాతి అరుగు మీద కూర్చున్నాం. ఎవరూ ఏర్పాటు చేయలేదు. చెల్లెలి వెనకున్న తమిళావిడకు సైగలతో చెప్పుకున్నాం, ఆమె తల ఊపింది, అంతే. వంతు రాగానే ఆమే మమ్మల్ని చెయ్యెత్తి పిలిచింది. లోపల గర్భగుడిలో దీపం కదులుతుంటుంది గదా, గాలి చొరబడని చోట దీపం రెపరెపలాడేదే ఇక్కడ వాయులింగానికి గుర్తని చెప్తారు. వాడు ఆ దీపం చూసినాడు. ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టినాడు. పదిహేడు దగ్గర మమ్మల్ని జరగమన్నారు, జరిగినాం.

మీ ఇంట్లో నిలబడలేని మనిషి ఉంటే కాగితం, పెన్ను తెచ్చుకోండి, రెండు సంగతులు రాసుకోండి. తిరుమలలో వృద్ధుల, వికలాంగుల దర్శనం టికెట్లు కొండమీద కౌంటర్లో కాదు, దేవస్థానం వెబ్‌సైట్‌లో మూడు నెలల ముందుగా ఇస్తున్నారు. ప్రతి నెలా 23న, మధ్యాహ్నం 3 గంటలకు. బయల్దేరేముందు దేవస్థానం ప్రకటన ఒకసారి సరిచూసుకోండి, తేదీలు మారుస్తుంటారు. రెండోది, సదరం సర్టిఫికెట్‌ను మా మాదిరి బీరువాలో పెట్టి పోవద్దండి. నకలు తీసి చేతిసంచిలో వేసుకోండి.